సమ్మక్క పేరు పాసైతదా? యూజర్‌నేమ్ తనిఖీకి యూనిట్ టెస్టులు

(హన్మకొండలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన డెవలపర్ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలవాళ్లకు వినపడుతున్నదా? సరే.

మీరు చేసిన ప్రాజెక్టుల్లో రిజిస్ట్రేషన్ ఫారం లేని ప్రాజెక్టు ఏదన్న ఉన్నదా? లేదు. లైబ్రరీ యాప్ అయినా, హాస్టల్ మెస్సు యాప్ అయినా మొదటి పేజీ అదే. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కింద ఒక బటన్. ఇయ్యాల ఇంటికి పోయినంక ఆ యూజర్‌నేమ్ డబ్బాలో తెలుగులో ‘సరళ’ అని కొట్టండి. తర్వాత ‘సమ్మక్క’ అని కొట్టండి. మీరు జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వాడి, దాంతో వచ్చే యూజర్‌నేమ్ రూలును ముట్టుకోకుండ ఉంచి ఉంటే ఏమైతదో తెలుసా? సరళ లోపలికి పోతది. సమ్మక్క బయటనే ఆగిపోతది.

వరంగల్ చుట్టుపక్కల సమ్మక్క, సారక్క, సమ్మయ్య, సారయ్య లేని ఊరు ఉంటదా? రెండేండ్లకోసారి మేడారం పోయి మొక్కుకొని పిల్లలకు ఆ తల్లుల పేర్లు పెట్టుకునే జిల్లాలు మనవి. మరి ఆ పేరే ఎందుకు ఆగింది?

కొంచెం లోపలికి పోదాం. ఆ రూలులో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అని ఒక గుర్తు ఉంటది. పైథాన్ లెక్కలో దానర్థం అక్షరం, అంకె, అండర్‌స్కోర్. స, ర, ళ మూడూ అక్షరాలే, గొడవ లేదు. సమ్మక్కలో మాత్రం ఒత్తులు ఉన్నయి. కంప్యూటరులో ఒత్తు రావాలంటే రెండు హల్లుల నడుమ పొల్లు ఉండాలె. అన్ని లిపుల గుర్తులకు నంబర్లు ఇచ్చే యూనికోడ్ పట్టికలో ఆ పొల్లు అక్షరాల కింద లేదు, మార్కుల కింద ఉన్నది. దీర్ఘం మార్కే, గుడి మార్కే, కొమ్ము మార్కే. అందుకని ‘కమల’ పాస్, ‘విమల’ ఫెయిల్. ‘రమ’ పాస్, ‘రాము’ ఫెయిల్. ఇంక జావాస్క్రిప్ట్‌లో అదే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏదీ తీసుకోదు. అంటే బ్రౌజరులో ఒక తీర్పు, సర్వరులో ఇంకొక తీర్పు.

జాంగోను తప్పుపట్టడానికి ఇది చెప్తలేను. నేను అడిగేది మిమ్మల్ని. మీ యాప్‌లో తెలుగు పేర్లు ఉండాలె అనుకున్నరా, వద్దు అనుకున్నరా? వద్దనుకుంటే సరళ కూడా ఆగాలె. ఉండాలె అనుకుంటే సమ్మక్క కూడా పోవాలె. ఒకామె పోయి ఇంకొకామె ఆగిందంటే అర్థమేంది? ఎవ్వరూ ఏదీ అనుకోలేదు. రెజెక్స్, అంటే పేరు ఏ తీరు ఉండాలెనో చెప్పే ఆ గుర్తుల రూలు, ఎక్కడిదో తెచ్చి అతికించినం, అది మన తరఫున తీర్పు చెప్పుకుంటూ పోయింది. యూనిట్ టెస్టు అంటే కోడులో ఒక చిన్న ముక్కను విడిగ పరీక్షించే కోడు. ఇయ్యాల నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్కటే: టెస్టు రాయడానికి కూర్చున్ననాడే రూలు తయారైతది. ‘సమ్మక్క’ అని రాసి పక్కన అవును అనో కాదు అనో రాయాలంటే ముందు మనం ఒక నిర్ణయానికి రావాలె కద.

ఫంక్షన్‌ను బయటికి తీయండి

చాలా ప్రాజెక్టుల్లో ఈ తనిఖీ ఎక్కడ ఉంటదంటే, ఫారం సబ్మిట్ అయినంక నడిచే పెద్ద ఫంక్షన్ కడుపులో ఉంటది. అక్కడనే డేటాబేస్ పిలుపు, అక్కడనే ఓటీపీ పంపుడు, దాని మధ్యలో నాలుగు ఇఫ్‌లు. దాన్ని టెస్టు చేయాలంటే డేటాబేస్ లేవాలె, ఎస్సెమ్మెస్ గేట్‌వే లేవాలె. అంత తిప్పల ఎవరు పడ్తరు? ఎవరూ పడరు. కాబట్టి మొదటి పని, ఆ తనిఖీని పట్టుకొచ్చి ఒక విడి ఫంక్షన్‌లో పెట్టండి. లోపలికి ఒక స్ట్రింగ్ పోతది, బయటికి ఒక తీర్పు వస్తది. నెట్ వద్దు, డేటాబేస్ వద్దు, గడియారం వద్దు. అప్పుడు వందల పేర్లను రెప్పపాటులో పరీక్షించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్త, రాసుకోండి. ఆ తీర్పు ఉట్టి ట్రూ, ఫాల్స్ కావద్దు. కారణం కూడా రావాలె. పొట్టిగున్నది, పొడుగున్నది, ఈ గుర్తు పనికిరాదు, ఈ పేరు ఇయ్యం. ఎందుకంటరా? ఒక టెస్టు చూద్దాం. మన రూలు కనీసం 3 అక్షరాలు ఉండాలె, హ్యాష్ గుర్తు ఉండొద్దు అనుకుందాం. హ్యాష్ కోసం టెస్టు రాయాలె. మన దోస్తు ఒకాయన ఇంగ్లీషు ‘ఎ’ పెట్టి పక్కన హ్యాష్ పెట్టిండు. రిజెక్ట్ అయింది, టెస్టు పచ్చగ వచ్చింది, అంటే పాసైంది. అంతా బాగనే ఉన్నది కద? ఇప్పుడు కోడులోకి పోయి హ్యాష్‌ను ఆపే లైను మొత్తం తీసేయండి. టెస్టు మళ్ల నడిపించండి. ఏమైతది?

అవును, ఆ అమ్మాయి చెప్పింది కరెక్టు. ఇంకా పచ్చగనే వస్తది. ఎందుకంటే ఆ పేరులో ఉన్నవి రెండే రెండు, పొట్టిగున్నదని ఆగింది. హ్యాష్‌ను ఎవ్వరూ చూడనే లేదు. అందుకని తప్పు పేరు రాసేటప్పుడు అది ఒక్క రూలునే తప్పాలె, మిగతా అన్నిట్లో మంచి పేరు కావాలె. ‘రాజు’ అని ఇంగ్లీషులో రాసి నడుమ ఒక్క హ్యాష్ పెట్టండి. పైగా రిజెక్ట్ అయిందా అని అడుగుతే సరిపోదు, ‘ఈ గుర్తు పనికిరాదు’ అన్న కారణంతోనే అయిందా అని అడగండి.

నేను ఇప్పుడు చేయించిన పని, కోడులో ఒక లైను కావాలని చెడగొట్టి టెస్టు ఎర్రగ అయితదా లేదా చూసుడు, దాన్నే మ్యుటేషన్ టెస్టింగ్ అంటరు. జావాకు పిట్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్, పైథాన్‌కు మ్యూట్‌మట్ అని పరికరాలు ఉన్నయి, అవి ఈ పని వాటంతట అవే చేస్తయి. పరికరం లేకున్నా సరే, చేత్తో చేయండి. గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ ఉన్నకాడ ఉట్టి గ్రేటర్ దాన్ పెట్టండి. ఒక్క టెస్టు కూడా ఎర్రగ కాలేదంటే హద్దు మీద మీ టెస్టు లేదన్నట్టు. 3 నుంచి 20 దాక అని రూలు ఉంటే 2, 3, 20, 21 నాలుగూ ఉండాలె. 10 అక్షరాల పేర్లు ఎన్ని పెట్టినా ఆ హద్దు గురించి ఏమీ తెల్వదు.

ఇవన్నీ విడివిడిగ రాస్తే ఫైలు కొండవీటి చాంతాడంత అయితది. అందుకని ఒక పట్టిక పెట్టుకోండి. పేరు, రావాల్సిన తీర్పు, ఎందుకు అన్నది. టెస్టులు నడిపే పరికరాల్లో దీనికి పేర్లు ఉన్నయి. పైటెస్ట్‌లో పారామెట్రైజ్ అంటరు, జేయూనిట్ 5లో పారామీటరైజ్డ్ టెస్ట్, జెస్ట్‌లో టెస్ట్ డాట్ ఈచ్. ఆ ‘ఎందుకు’ అన్న గడిని ఖాళీగ వదిలిపెట్టకండి. రెండేండ్ల తర్వాత మీ జాగాల వచ్చే పిల్లగాడు చదివేది ఆ గడినే.

అక్షరాలు ఎన్ని?

20 అక్షరాలు అన్నం. అక్షరం అంటే ఏంది? మళ్ల సమ్మక్క దగ్గరికే పోదాం. ఒకటో తరగతి పిల్లను అడుగుతే మూడు అంటది: స, మ్మ, క్క. పైథాన్‌ను అడుగుతే 7 అంటది, పొల్లులను కూడా లెక్కపెడ్తది కాబట్టి. గుర్తులను బైట్లుగ దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు, అంటే మొత్తం 21 బైట్లు. ఒరాకిల్‌లో వార్‌చార్2 అని 20 పెట్టి కాలమ్ చేస్తే మామూలు సెట్టింగులో అవి 20 బైట్లు. చూసిండ్రా? ఫారం సరే అన్న పేరును డేటాబేస్ పట్టనీయదు. మనిషి కంటికి మూడక్షరాల పేరు అది!

ఇంకొకటి చెప్త. మనిషి కంటికి కనపడే అక్షరాలను లెక్కపెట్టే లైబ్రరీలు ఉన్నయి, గ్రాఫీమ్ క్లస్టర్లు అంటరు. పాత లైబ్రరీలు సమ్మక్కను 5 అంటయి: స, మ్, మ, క్, క. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో రూలు మారింది. తెలుగు, దేవనాగరి లాంటి లిపుల్లో ఒత్తును విడగొట్టవద్దన్నరు. కొత్త లైబ్రరీ 3 అంటది. అంటే మీరు కోడు ముట్టుకోకున్నా, లైబ్రరీ వెర్షన్ మారుతే మీ పొడుగు లెక్క మారుతది. దీన్ని ఎవరు పట్టుకుంటరు? ‘సమ్మక్క, పొడుగు ఇంత’ అని పట్టికలో ఒక్క లైను ఉంటే అది పట్టుకుంటది. నా మటుకు నేను పొడుగు హద్దును కోడ్ పాయింట్లతో (పైథాన్ 7 అన్న తీరు) లెక్కపెట్టి, తెలుగు పేర్లకు సరిపడా పెద్దగ పెట్టమంటను. లెక్క పద్ధతి ఏదైనా సరే, అది ఫారంలో, సర్వరులో, డేటాబేసులో ఒక్కటే ఉండాలె.

కంటికి ఒక్కటే, లోపల వేరు

ఇది అన్నిటికన్న ముఖ్యమైన భాగం. ఇక్కడ తప్పు జరుగుతే ఒకరి ఖాతా ఇంకొకరి చేతికి పోతది.

ఐలయ్య అని మన దగ్గర ఎంతమంది ఉన్నరు! ఐనవోలు మల్లన్న పేరు మీద పెట్టుకుంటరు. ఇంగ్లీషులో ఎట్ల రాస్తరు? క్యాపిటల్ ఐ, తర్వాత చిన్న ఎల్. ఫోన్లల్లో వచ్చే చాలా ఫాంట్లలో ఆ రెండూ ఒకే తీరు నిలువు గీతలు. ఎవడన్న వచ్చి ఐ బదులు ఇంకొక ఎల్ పెట్టి రిజిస్టర్ చేసుకుంటే కంటికి తేడా దొరకదు. ఐలయ్య సార్ పేరుతో ‘అర్జెంటుగ డబ్బులు పంపండి’ అని మెసేజ్ వస్తే పంపరా? దీనికి సులువైన దారి, యూజర్‌నేమ్‌ను ఎక్కడ చూపించినా చిన్న అక్షరాల్లోనే చూపించుడు. చిన్న ఐ మీద చుక్క ఉంటది, ఎల్ మీద ఉండదు. అయితే చిన్నగ చేసే పనికి కూడా టెస్టు కావాలె. జావాలో టు లోయర్ కేస్ అని ఉట్టిగ పిలుస్తే అది మిషన్ భాషను బట్టి నడుస్తది. మిషన్ టర్కీ భాషలో ఉంటే క్యాపిటల్ ఐ, చుక్క లేని ఐ అయితది. ఏ భాషకూ చెందని లొకేల్ రూట్ అని ఇచ్చి పిలవండి, టెస్టులో మిషన్ భాషను టర్కిష్ పెట్టి కూడా ఒకసారి నడిపించండి.

తెలుగుకు వద్దాం. ‘రంగ’ అని రాయండి. నడుమ సున్న పెట్టినం. ఇప్పుడు ‘ర౦గ’ అని రాయండి. ఏమన్న తేడా కనపడ్డదా? రెండో దాంట్లో ఉన్నది అనుస్వారం సున్న కాదు, తెలుగు అంకెల్లో ఉన్న సున్న. ఇందాక చెప్పిన బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఏం చేస్తదో తెలుసా? అనుస్వారం మార్కు కాబట్టి అసలైన రంగను ఆపుతది. అంకె చెల్లుతది కాబట్టి నకిలీ రంగను పంపుతది! ఒకే అక్షరాన్ని వేర్వేరు తీర్ల రాసినా ఒక్క రూపంలోకి తెచ్చే యూనికోడ్ నార్మలైజేషన్ కూడా ఈ రెండింటినీ కలపదు. కాబట్టి రూలు మనమే పెట్టుకోవాలె: యూజర్‌నేమ్‌లో తెలుగు అంకెలు వద్దు, అంకెలు కావాల్సినవాళ్లు 0 నుంచి 9 వాడుకోవచ్చు. పట్టికలో రెండు రంగలూ ఉండాలె, ఒకటి అవును, ఒకటి కాదు.

‘శైలజ’ తీసుకోండి. ఐత్వాన్ని ఒక్క గుర్తుతో రాయవచ్చు, ఎత్వం పెట్టి కింద ఇంకొక గుర్తు చేర్చి కూడా రాయవచ్చు. తెర మీద ఒక్కటే శైలజ. లోపల ఒకచోట 4 గుర్తులు, ఒకచోట 5. వీటిని నార్మలైజేషన్ కలుపుతది, ఎన్‌ఎఫ్‌సీ అనే పద్ధతిలో చేస్తే రెండూ 4 అయితయి. ‘రమేశ్’ లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కనపడని జాయినర్ (అక్షరాలను కలపాలెనా విడదీయాలెనా అని చెప్పే గుర్తు) కూర్చుంటే అదొక వేరే రమేశ్. దాన్ని ఎన్‌ఎఫ్‌సీ తీయదు, మీరే చూడాలె. కన్నడ ‘జ’ మన ‘జ’ లెక్కనే ఉంటది, యూనికోడ్‌లో తెలుగు అయిపోగానే పక్కనే కన్నడ మొదలైతది. అందుకని ఒక పేరులో ఒక్క లిపే అన్న రూలు, దానికొక టెస్టు.

ఇప్పుడు నిజంగ జరిగిన కథ. 2013లో స్పాటిఫై ఇంజినీర్లు స్వయంగ రాసి బయటపెట్టిన సంగతి ఇది. వాళ్లు యూనికోడ్ పేర్లు తీసుకునేవాళ్లు. వాటిని ఒక ఫంక్షన్‌తో ప్రామాణిక రూపంలోకి మార్చి పోల్చేవాళ్లు. ‘బిగ్‌బర్డ్’ అని ఒక ఖాతా ఉన్నది అనుకోండి. ఇంకొకాయన అదే పేరును పైకెత్తి రాసే చిన్న సైజు క్యాపిటల్ అక్షరాల్లో రిజిస్టర్ చేసిండు. ఆ ఫంక్షన్‌లో ఒకసారి పెడితే మామూలు క్యాపిటల్ అక్షరాలైనయి. రెండోసారి పెడితే చిన్న అక్షరాలైనయి. రిజిస్ట్రేషన్ దగ్గర ఒకసారి నడిచింది, కాబట్టి ఇది కొత్త పేరు అన్నది. పాస్‌వర్డ్ మార్చే దారిలో మళ్ల నడిచింది, కాబట్టి ఇది పాత బిగ్‌బర్డ్ అన్నది. ఆయన తన ఈమెయిల్‌కు లింకు తెప్పించుకొని పక్కవాని ఖాతా పాస్‌వర్డ్ మార్చేయవచ్చు! మూలం ఎక్కడున్నది? ట్విస్టెడ్ అనే పైథాన్ లైబ్రరీలో ఉన్న ఆ ఫంక్షన్ పైథాన్ 2.4లో సరిగ్గనే ఉండేది. 2.5కు మారినంక యూనికోడ్ డేటా మారి దాని ప్రవర్తన మారింది.

దీనికి టెస్టు ఎన్ని లైన్లో తెలుసా? ఒక్క లైను. ఏ పేరు తీసుకున్నా, ఫంక్షన్‌లో ఒకసారి పెడితే వచ్చింది, రెండుసార్లు పెడితే వచ్చింది ఒక్కటే ఉండాలె. పేర్లను మీరు ఏరుకోవాల్సిన పని కూడా లేదు, పైథాన్‌లో హైపోథెసిస్ అనే లైబ్రరీ రకరకాల స్ట్రింగులు పుట్టించి ఇస్తది. ఇంటికి పోయినంక ఒక్క టెస్టే రాసే ఓపిక ఉంటే ఇదే రాయండి.

కొన్ని పేర్లు ఎవరికీ ఇయ్యొద్దు. అడ్మిన్, రూట్, సపోర్ట్, పోస్ట్‌మాస్టర్, హోస్ట్‌మాస్టర్. 2015లో మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ సేవలో ఫిన్లాండు డొమైన్ కింద ఒకాయన హోస్ట్‌మాస్టర్ అన్న పేరు ఖాళీగ ఉంటే తీసుకున్నడు. అట్లాంటి చిరునామా సైటు నడిపేవాళ్లదే అనుకుంటరు కద, దాన్ని చూపించి ఆ డొమైన్‌కే సెక్యూరిటీ సర్టిఫికెట్ సంపాయించిండు. మీ సైటులో ప్రొఫైల్ పేజీ నేరుగ యూజర్‌నేమ్ మీదనే తెరుచుకుంటే లాగిన్, హెల్ప్, అబౌట్ కూడా ఆ జాబితాలో చేరాలె. జాబితాను పోల్చేది చిన్నగ చేసి, నార్మలైజ్ చేసినంకనే. క్యాపిటల్ ఎ పెట్టి అడ్మిన్ అని రాస్తే దాటిపోయే సైట్లు ఉన్నయి.

ఖాళీల సంగతి తొందరగ చెప్త. ఫోను కీబోర్డు సూచించిన పేరును ముట్టుకుంటే చివర ఒక స్పేస్ పెడ్తది. పరకాలలో, నర్సంపేటలో ఫోను పట్టుకున్న పెద్దమనిషికి ఆ స్పేస్ కనపడదు. ‘తప్పు యూజర్‌నేమ్’ అని ఎర్రగ వస్తే ఆయన ఏం చేస్తడు? యాప్ బంద్ చేస్తడు. కాబట్టి ముందు వెనక ఖాళీలు మనమే తీసేద్దాం, నడుమ ఉంటే ఆపుదాం. పైథాన్‌లో రెజెక్స్ చివర పెట్టే డాలర్ గుర్తు, పేరు చివర ఎంటర్ కొట్టినట్టు ఉన్న ఒక న్యూలైన్‌ను చూసీచూడనట్టు వదిలిపెడ్తది, మొత్తం పేరును పోల్చే ఫుల్‌మ్యాచ్ వాడండి. జాంగోవాళ్లు కూడా 2015లో కొన్ని వ్యాలిడేటర్లలో ఇదే సవరించుకున్నరు. చివర న్యూలైన్ ఉన్న పేరు పట్టికలో ఒకటి పెట్టండి.

‘ఈ పేరు ఇదివరకే ఉన్నదా’ అన్నది మాత్రం యూనిట్ టెస్టుతో తేలదు. ఇద్దరు ఒకే క్షణంలో బటన్ నొక్కితే ఇద్దరికీ ఖాళీగనే ఉన్నదని వస్తది. అక్కడ కాపాడేది డేటాబేసులో ఒకే పేరును రెండోసారి రానీయని యూనిక్ ఇండెక్స్ ఒక్కటే. దాన్ని నార్మలైజ్ చేసిన రూపం మీద పెట్టండి. సంధ్య మేడం ఇందాక బయట అడిగింది, బ్రౌజరులో తనిఖీ ఉన్నంక సర్వరులో మళ్ల ఎందుకని. బ్రౌజరులో ఎంత తనిఖీ చేసినా సర్వరులో మళ్ల చేయాలె, ఎందుకంటే రిక్వెస్టు బ్రౌజరు నుంచే రావాలని లేదు, కమాండు కొట్టి రిక్వెస్టు పంపే కర్ల్‌తో ఎవరన్న పంపవచ్చు.

చివరగ పాత యూజర్ల గురించి. నిరుడు కనీసం 2 అక్షరాలు అన్నరు, ఒకామె రెండక్షరాల పేరుతో చేరింది. ఇయ్యాల 3 అని రూలు మార్చిండ్రు. చేర్చుకునేకాడ పిలిచే ఫంక్షన్‌నే లాగిన్ కాడ కూడా పిలుస్తే ఏమైతది? ఆమె తన ఖాతాలోకి తాను పోలేదు. పాస్‌వర్డ్ సరైనదే, మనిషి సరైనదే, అయినా బయటనే. లాగిన్ కాడ పేరును ప్రామాణిక రూపంలోకి మార్చి డేటాబేసులో వెతకాలె, అంతవరకే. కొత్త రూలుతో అక్కడ పని లేదు. టెస్టు ఫైలులో పాత పేర్లకు ఒక విడి పట్టిక పెట్టండి: రిజిస్ట్రేషన్ కాదనాలె, లాగిన్ అవుననాలె. రూలు మార్చే ముందు ఉన్న పేర్లన్నిటినీ కొత్త ఫంక్షన్‌లో నడిపించి, ఎవరెవరు ఆగుతున్నరో జాబితా తీయండి. యాప్ ఎవరిదో వాళ్లను కూర్చోబెట్టుకొని ఆ జాబితా చదవండి, కోడు ఆ తర్వాత విడుదల చేయండి.

నేను చెప్పేది అయిపోయింది. అడగండి.